మాడ్ల కూర్పు: చివరి చెయ్యి ఎవరిది?

ప్రక్షిప్తం అనే మాటను మన విమర్శకులు సాధారణంగా నిందగానే వాడుతూ వచ్చారు. కావ్యంలో తరవాతివారెవరో చేర్చిన పద్యాలను ఏరి పక్కన పెట్టటం పండితుల పని అని మనం నేర్చుకున్నాం. పూనాలో భండార్కర్ సంస్థవారు దొరికిన ప్రతులు పోల్చి, 1966 నాటికి పూర్తిచేసిన మహాభారత పరిష్కరణ ఈ పనికి గొప్ప ఉదాహరణ. ఐతే దీనికి సరిగ్గా తలకిందులైన పరిస్థితి ఒకటి ఊహించండి. మూలం ఒక్కటే వున్నది, ప్రక్షిప్తాలు వేలకు వేలు వున్నాయి. చేర్చినవాళ్లు చాలామంది బతికే వున్నారు. పాఠకుడే వాటిలో తనకు నచ్చినవి ఏరుకుని, ఒకదానితో ఒకటి పొసగేటట్టు కూర్చుకుని, అప్పుడుగాని చదవటం మొదలుపెట్టడు. ఇది ఊహ కాదు, కంప్యూటరు ఆటలలో పాతికేళ్లుగా నడుస్తున్న చరిత్ర. ఆటలతో విమర్శకు ఏం పని అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: ఎక్కడ వేలాదిమంది కూలి లేకుండా పని చేస్తారో, ఆ పని ఎవరి సొత్తు అన్న తగాదా ఎక్కడ పుడుతుందో, అక్కడ విమర్శకు పని వుంటుంది.

నేను చెప్పబోయేది ముఖ్యంగా “ఎల్డర్ స్క్రోల్స్” అనే ఆటల వరసను గురించి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా అనే కంపెనీ వీటిని తయారుచేసింది. కత్తులూ, మంత్రాలూ, డ్రాగన్లూ వుండే కల్పిత దేశంలో ఆడేవాడు ఒక వేషం ధరించి, తన ఇష్టం వచ్చిన దారిన పోతాడు. ఇటువంటి ఆటకు బయటివారు చేసే చేర్పునుగాని మార్పునుగాని మాడ్ అంటారు. ఒకరు కొత్త ఊరు కడతారు. ఒకరు వానను వానలాగా కురిపిస్తారు. ఇంకొకరు కంపెనీ వదిలేసిన తప్పులు ఓపికగా దిద్దుతారు.

2002లో “మారోవిండ్” అనే ఆట వెలువడినప్పుడు, కంప్యూటరు మీద ఆడేవారికి ఆటతోపాటు “కన్‌స్ట్రక్షన్ సెట్” అనే పనిముట్టును కూడా కంపెనీ పెట్టెలో పెట్టి ఇచ్చింది. ఊళ్లు కట్టటానికీ, మనుషులను నిలబెట్టటానికీ, సంభాషణలు రాయటానికీ పనికివచ్చే పనిముట్టు అది. హోటలువాడు వడ్డించిన విస్తరితోపాటు వంటింటి తాళం కూడా చేతికిచ్చినట్టయింది. ఇందులో ఔదార్యం లేదనను, లాభం లేదనీ అనను. జనం చేర్పులు చేస్తూ పోయినన్నాళ్లూ ఆట పాతబడదు. పాతబడని సరుకు అమ్ముడుపోతూనే వుంటుంది. జనం మాత్రం లాభం లెక్క చూడలేదు. ఆట బయటికి రాకముందే, 2001లోనే, కొందరు కలిసి “టామ్రియెల్ రీబిల్ట్” అనే పని మొదలుపెట్టారు. ఆటలో కంపెనీ ఒక దీవిని మాత్రమే చూపింది. మిగిలిన భూభాగాన్ని వీరు విడతలు విడతలుగా నేటికీ కడుతూనే వున్నారు. మొదలుపెట్టినవారిలో ఎందరో తప్పుకున్నారు, కొత్తవారు వచ్చారు, పని ఆగలేదు.

ఇక్కడ కొంచెం యంత్రం లోపలికి తొంగిచూడాలి. లేకపోతే తరవాత వచ్చిన తగాదా అర్థం కాదు. ఆటలోని ప్రతి వస్తువుకూ – కత్తికీ, తలుపుకూ, మనిషికీ – ఒక చిట్టా వుంటుంది. కత్తి బరువెంత, ధర ఎంత, దాని దెబ్బ ఎంత అన్నవి ఆ చిట్టాలో వుంటాయి. మాడ్ ఒక వస్తువును మార్చదలిస్తే ఆ చిట్టా మొత్తానికి నకలు తీసి, కావలసిన చోట దిద్ది, తన ఫైలులో పెట్టుకుంటుంది. ఆట మొదలైనప్పుడు ఈ ఫైళ్లను యంత్రం ఒక వరసలో చదువుతుంది. ఒకే వస్తువును రెండు మాడ్లు ముట్టుకుంటే వరసలో చివర వచ్చినదే చెల్లుతుంది. మొదటి మాడ్ కత్తి ధర తగ్గించింది, రెండోది బరువు తగ్గించింది అనుకుందాం. రెంటికీ విరోధం లేదు గదా, రెండూ నిలబడాలి గదా అనిపిస్తుంది. నిలబడవు. రెండోదాని నకలులో పాత ధరే వున్నది గనక మొదటివారి శ్రమ తుడిచిపెట్టుకుపోతుంది. రెండోవారికి ఆ ఉద్దేశం లేదు. మొదటివారెవరో తెలియను కూడా తెలియదు.

ఈ సంగతి నేను చదివి నేర్చుకోలేదు. 2011 నవంబరులో వచ్చిన “స్కైరిమ్” అనే ఆటకు మొదటిసారి మాడ్లు కూర్చినప్పుడు, జనం ఎక్కువగా దించుకున్నవి ఏవో చూసి అరవై దాకా తెచ్చి పడవేశాను. మంచివన్నీ కలిస్తే మంచే అవుతుందని నా లెక్క. బెల్లం మంచిదే, చింతపండు మంచిదే, పాలు మంచివే. మూడూ ఒక గిన్నెలో పోస్తే మిగిలేది విరుగుడు. రివర్‌వుడ్ అనే పల్లెలో ఒక మాడ్ కట్టిన ఇంటి గుమ్మానికి అడ్డంగా మరో మాడ్ నాటిన చెట్టు నిలబడివుంది. విసుగెత్తి, ఆట మధ్యలోనే ఒక మాడ్‌ను పీకేశాను. దాని తాలూకు ఆజ్ఞలు నేను దాచుకున్న ఆటను అంటిపెట్టుకునే వున్నాయి. నాలుగో రోజున ఆ ఆట ఇక తెరుచుకోలేదు. నెల రోజుల ఆట పోయింది. తప్పు ఆ మాడ్లు చేసినవారిది కాదు. మధ్యలో తీయవద్దని వారు స్పష్టంగా రాసేవున్నారు, నేను చదవలేదు.

కలపటానికి ఇదొక్కటే పద్ధతి కాదు. 2000లో వెలువడిన “బాల్డర్స్ గేట్ 2” అనే ఆటలో పాత్రల మాటలన్నీ ఒకే పెద్ద ఫైలులో వుండేవి. మాడ్ చేసినవారు ఆ ఫైలునే మార్చి ఇచ్చినంతకాలం ఒకరి మాడ్ పెట్టుకుంటే మరొకరిది పోయేది. 2002 ప్రాంతంలో వెస్ట్‌లీ వైమర్ అనే కంప్యూటరు శాస్త్ర పరిశోధకుడు “వైడూ” అనే ప్రోగ్రాము రాశాడు. దీని ప్రకారం మాడ్ అంటే మార్చిన ఫైలు కాదు. ఫలానా మాట తరవాత ఈ మాట చేర్చు, ఫలానా అంకెను ఇంత పెంచు అనే ఆదేశాల పట్టిక. ముందువాడు చేసినదాన్ని తుడవకుండా, దానిమీదనే తరవాతివాడు పని చేయవచ్చు. వరస పట్టింపు పోలేదు, తగాదాలు మొత్తంగా పోలేదు. కాని విరోధం నిజంగా వున్నచోటనే తగాదా వస్తుంది. చివరివాడు ముందువాణ్ణి తుడిచివేయటం ప్రకృతి ధర్మం కాదనీ, అది మనుషులు పెట్టిన నియమమేననీ, మార్చవచ్చుననీ దీనివల్ల తేలుతున్నది.

బెథెస్డా ఆటలలో ఆ నియమం అలాగే వుండిపోయింది గనక ఆడేవారే విరుగుళ్లు కనిపెట్టుకున్నారు. “లూట్” అనే ప్రోగ్రాము ఏది ముందు, ఏది వెనక అని వరస చెబుతుంది. ఆ వరసకు ఆధారమైన పట్టికను స్వచ్ఛందంగా పనిచేసేవారు సవరిస్తూ వుంటారు. “ఎక్స్‌ఎడిట్” చిట్టాలను పక్కపక్కన పరిచి, ఎవరు ఎవరిని తుడిచారో చూపిస్తుంది. “మాడ్ ఆర్గనైజర్” ప్రతి మాడ్‌నూ దాని సంచిలోనే వుంచి, అసలు ఆటను ముట్టుకోకుండా, అన్నీ కలిసివున్నట్టు యంత్రానికి చూపుతుంది. వీటన్నిటికంటె ముఖ్యమైనది ప్యాచ్ అనే చిన్న ఫైలు. రెండు మాడ్లు ముట్టుకున్న వస్తువును తీసుకుని, దీని ధరా దాని బరువూ రెండూ నిలబడేట్టు కొత్త చిట్టా రాసి, వరసలో ఆ రెంటి తరవాత పెడతారు. నా గుమ్మం ముందరి చెట్టును నాలుగడుగులు పక్కకు జరిపింది అటువంటి ప్యాచే. దాన్ని చేసిన మనిషి ఇల్లు కట్టలేదు, చెట్టు నాటలేదు. కాని ఆ మనిషి లేకపోతే ఇల్లూ లేదు, చెట్టూ లేదు.

ఏరుకోవటం కూడా యంత్రం తెచ్చిపెట్టిన అవసరమే. ఆటలోని ప్రతి వస్తువుకూ ఎనిమిది స్థానాల సంఖ్య వుంటుంది. మొదటి రెండు స్థానాలు అది ఏ ఫైలుదో చెబుతాయి. పదహారింటి లెక్కలో రెండు స్థానాలకు 256 సంఖ్యలే వస్తాయి. ఒకటి, ఆడుతుండగా పుట్టే వస్తువులకు పోతుంది. అందువల్ల 2011 నాటి ఆటలో, మూలంతో కలిపి 255 ఫైళ్లకు మించి పట్టవు. 2017లో కొత్త కూర్పుకు “తేలిక ఫైళ్లు” వచ్చి, ఒకే సంఖ్య కింద 4,096 దాకా పట్టే వీలు కలిగింది. చోటు పెరిగింది, పొసగించే పని ఆ మేరకు పెరిగింది.

ఈ నేపథ్యం తెలిస్తేగాని 2015 ఏప్రిల్‌లో జరిగినది అర్థం కాదు. స్టీమ్ అనే అంగడిని నడిపే వాల్వ్ కంపెనీ, బెథెస్డా కలిసి, ఆ నెల 23న స్కైరిమ్ మాడ్లను డబ్బుకు అమ్మటం ప్రారంభించాయి. వంద రూపాయల మాడ్ అమ్మితే చేసినవారికి 25, అంగడికి 30, ఆట కంపెనీకి 45 అన్న లెక్కన పంపకం. ముందువరసలో అమ్మకానికి పెట్టిన వాటిలో ఒకటి, మరొకరు చేసిన కదలికల మీద ఆధారపడిందన్న తగాదా వచ్చి, వెంటనే తీసివేయబడింది. లక్షకు పైగా జనం నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. నాలుగు రోజులకే, 27న, పథకం ఉపసంహరించారు.

జనం గెలిచారని అప్పుడు అందరూ సంబరపడ్డారు. నేను అంత తేలికగా సంబరపడలేను. నిరసన చేసినవారిలో చాలామంది కోరినది న్యాయం కాదు, ఉచితం. ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని పనిచేసినవారికి నాలుగు డబ్బులు వస్తే తప్పేమిటన్న ప్రశ్నకు వారు జవాబు చెప్పలేదు. ఉచితం అనేది స్వేచ్ఛ కాదు. కూలి లేని శ్రమ చాలాసార్లు కంపెనీకే లాభం. ఐనా ఆ పథకం కూలిపోవలసిందే. ఎందుకంటే అది మాడ్‌ను, ఒక యజమాని వున్న మూటలాగా చూసింది. ఒక మాడ్ మరొకరు దిద్దిన తప్పుల మీద, ఇంకొకరు చేసిన కదలికల మీద, వేరొకరి ప్యాచ్ మీద నిలబడివుంటుంది. ఇంటికీ చెట్టుకూ ధర కట్టారు. చెట్టును పక్కకు జరిపిన మనిషికి ఆ లెక్కలో పద్దు లేదు. కొన్నది పనికిరాకపోతే డబ్బు వాపసు అడగటానికి 24 గంటలు గడువిచ్చారు. నా ఆట చెడింది నాలుగో రోజున! అంగడి వస్తువులను ఎరుగును. వస్తువుల మధ్య పొత్తును ఎరగదు.

అంగడి ఓడి ఊరుకోలేదు. 2017లో “క్రియేషన్ క్లబ్” అని మరో పేరుతో వచ్చింది. 2023 డిసెంబరులో ఎంపిక చేసిన మాడ్‌కారులు డబ్బుకు అమ్మే ఏర్పాటు మళ్లీ వచ్చింది. కంపెనీ పనిముట్టు వాడి మాడ్ చేసి పంచిపెట్టినవారు, దాన్ని శాశ్వతంగా, రాయల్టీ లేకుండా వాడుకునే హక్కును కంపెనీకి ఇచ్చినట్టేనని లైసెన్సులో రాసివుంది. కంపెనీ ఆటను కొత్తగా సవరించినప్పుడల్లా, యంత్రం లోపలి చిరునామాల మీద ఆధారపడిన మాడ్లు చెడిపోతాయి; స్వచ్ఛందంగా పనిచేసేవారు మళ్లీ మొదటినుంచీ దిద్దుకోవాలి. వరసలో ఎవరు చివర వున్నా, ఆ వరసకు అవతల ఇంకొక చివరి చెయ్యి వున్నదన్నమాట.

ఐతే వైరుధ్యం కంపెనీకీ జనానికీ మధ్యనే వున్నదనుకోవటం కూడా పొరపాటే. 2021 జులైలో, పెద్ద సంఖ్యలో మాడ్లు దాచివుంచే నెక్సస్ మాడ్స్‌వారు, ఇకపై మాడ్లను శాశ్వతంగా చెరిపేయటం కుదరదన్నారు. వందలాది మాడ్లు కలిపిన కూర్పులో ఒక్కటి మాయమైనా కూర్పంతా కూలుతుందని వారి వాదం. నా పని నేను వెనక్కి తీసుకునే హక్కు నాకు లేదా అని మాడ్‌కారులు అడిగారు. నెల రోజులు గడువిస్తే కొందరు తమవన్నీ తీసుకుని వెళ్లిపోయారు. ఇద్దరి వాదంలోనూ నిజం వుంది. చేసినవారి హక్కుకూ, కూర్చుకున్నవారి అవసరానికీ మధ్య పడవలసిన ప్యాచ్ ఇంకా ఎవరూ రాయలేదు.

అందుచేత మాడ్లు ఏరుకోవటాన్ని నేను కొనుగోలులాగా గాక సంపాదకత్వంలాగా చూస్తాను. ఇప్పుడు నా కూర్పులో అరవై లేవు, ఇరవై రెండు వున్నాయి. ప్రతిదాని గురించీ చేసినవారు రాసినది చివరిదాకా చదువుతాను. ఒకటి చేర్చి, కొంత ఆడి, నిలబడిందని తేలాకనే రెండోది చేరుస్తాను. మొదలుపెట్టిన ఆట మధ్యలో ఏదీ తీయను. ఏ వరసలో ఎందుకు పెట్టానో ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటాను. ఆ కాగితంలో పెద్ద ఊళ్లు కట్టినవారి పేర్ల కింద, ఆ ఊళ్ల మధ్య సరిహద్దులు సర్దినవారి పేర్లు కూడా రాశాను. చరిత్ర రాసేవారు చాలాసార్లు మరిచిపోయేది ఆ రెండో వరసనే.