గాజు బుడ్డిలో గిటారు గొంతు: వాల్వు వర్ధకాల మరమ్మతు కథ

ఒకప్పుడు రేడియో మరమ్మతు దుకాణాలలో తరచుగా ఒక దృశ్యం కనబడేది. పెట్టె వెనుక అట్ట ఊడదీసి, లోపల ఎర్రగా వెలుగుతున్న గాజు బుడ్ల వంక చూస్తూ, చెవి ఒగ్గి, మెకానిక్కు ఊరక కూర్చునేవాడు. చూచేవారికి అతడు పని ఎగవేస్తున్నట్లు తోచేది. నిజానికి ఆ కూర్చోవడమే పనిలో ముఖ్యభాగం. చేతికి దొరికిన భాగమల్లా మార్చి చూడడం వేరు; దోషం ఎక్కడ ఉండగలదో ఊహించి, ఆ ఊహను పరీక్షించడం వేరు. రెండవది విజ్ఞానశాస్త్ర పద్ధతి.

ఆ గాజు బుడ్లనే మనవారు వాల్వులు అన్నారు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. తరువాతి ముప్పై ఏళ్ళలో వాల్వులు రేడియోల నుండి, గణకయంత్రాల నుండి దాదాపు తొలగిపోయాయి. కాని గిటారు ధ్వనిని పెంచే వర్ధకాలలో మాత్రం అవి నేటికీ నిలిచి ఉన్నాయి. రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో ఇప్పటికీ తయారవుతున్నాయి. ఎందరో ఔత్సాహికులు అట్టి వర్ధకాలను ఇంటివద్దనే కట్టుకొంటున్నారు. ఇంట కట్టిన యంత్రం స్విచ్చి వేయగానే చక్కగా పలకడం అరుదు. అది ఎందుకు పలకదో, ఎట్లా పలికించాలో తెలుసుకోవడంలో మన పాఠ్యపుస్తకంలోని భౌతికశాస్త్రం చాలా భాగం ఇమిడి ఉన్నది.

వాల్వు పుట్టుక

1880 దశకం తొలినాళ్ళలో థామస్ ఎడిసన్ తన విద్యుద్దీపాల లోపలి గాజు నల్లబడడం గమనించాడు. దీపంలో మరొక లోహపు పలక నిలిపి, దానికి ధనవిద్యుత్తు అందిస్తే, మధ్యలో తీగ లేకపోయినా ప్రవాహం నడిచింది. పలకను రుణంగా చేస్తే ఆగిపోయింది. కారణం ఆనాడు ఎవరికీ తెలియదు. ఎలక్ట్రాను 1897లో గాని తెలియరాలేదు. ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో ఈ గుణాన్ని వినియోగించి, ప్రవాహాన్ని ఒకే దిక్కున పోనిచ్చే పరికరాన్ని నిర్మించాడు. నీటి గొట్టంలోని కవాటంలాగా పనిచేస్తుంది కనుక దానికి వాల్వు అన్న పేరు తగినదే.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ వేడి తంతువుకు, పలకకు నడుమ ఒక సన్నని తీగ జాలకాన్ని చేర్చాడు. జాలకంపై వోల్టేజి కొంచెం మారితే చాలు, పలకకు చేరే ప్రవాహం చాలా మారుతుంది. పెద్ద కాలువ లాకును చిన్నపిల్లవాడు చేతితో తిప్పినట్లు, చిన్న సంకేతం పెద్ద ప్రవాహాన్ని శాసిస్తుంది. ఇదే వర్ధనం. అయితే బుడ్డిలో కొద్దిగా వాయువు మిగిలి ఉండాలని డి ఫారెస్ట్ నమ్మాడు. అది పొరపాటు. హెరాల్డ్ ఆర్నాల్డ్, ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనేవారు 1913 ప్రాంతంలో సంపూర్ణ శూన్యానికి దగ్గరగా తెచ్చి, వాల్వును నమ్మదగిన పరికరంగా మార్చారు. 1915 జనవరిలో న్యూయార్కు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోను మాట చేరింది ఇట్టి వాల్వుల బలంతోనే.

మన దేశంలో ఈ పరిశ్రమ స్వాతంత్ర్యానంతరం వచ్చింది. 1954లో బెంగుళూరులో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ 1960 దశకం ఆరంభంలో రేడియో వాల్వుల తయారీ చేపట్టింది.

గిటారు చేరిన కథ

గిటారు గొంతు చిన్నది. వాద్యబృందంలో బాకాల నడుమ దాని స్వరం వినబడేది కాదు. 1932లో అమెరికాలో జార్జి బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనేవారు తీగల దగ్గర అయస్కాంతం, తీగచుట్ట అమర్చిన గిటారును విపణికి తెచ్చారు. ఉక్కు తీగ కంపించినప్పుడు చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే. ఆ స్వల్ప విద్యుత్తును వాల్వులు పెంచి స్పీకరుకు అందిస్తాయి.

తరువాతి కథ నడిపినవారిలో మరమ్మతుదారులే ముఖ్యులు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో 1938లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచిన లియో ఫెండర్ పద్దులు వ్రాసే విద్య చదివినవాడు. ఎలక్ట్రానిక్సు స్వయంకృషితో నేర్చాడు. చెడిన యంత్రాలు విప్పి విప్పి, ఏ భాగం ముందుగా చెడుతుందో గ్రహించాడు. కనుకనే అతడు తయారుచేసిన వర్ధకాలు మరమ్మతుకు అనువుగా ఉండేవి. ఏ గూటిలో ఏ వాల్వు ఉండాలో తెలిపే కాగితం పెట్టె లోపలనే అంటించి ఉండేది.

అమెరికా యంత్రాలు లండనులో ఖరీదు ఎక్కువ. అక్కడ హాన్‌వెల్‌లో డోళ్ళ దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్‌ను, అట్టిది ఇక్కడనే చేయరాదా అని వాద్యకారులు అడిగారు. మరమ్మతుదారుడు కెన్ బ్రాన్, యువకుడైన డడ్లీ క్రేవెన్ కలిసి 1962 ప్రాంతంలో ఫెండర్ యంత్రాన్ని మాదిరిగా తీసుకొని మరొకటి కట్టారు. దొరకని భాగాలకు దొరికినవి వాడారు. మాదిరిలో మొదటి దశ వాల్వు 12ఎవై7. దాని వర్ధన గుణకం 44. దానికి బదులుగా వీరు వాడిన ఇసిసి83కి గుణకం 100. వలయం దాదాపు అదే. కాని ధ్వని కొత్తది.

దోషం పట్టే పద్ధతి

భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తన బాల్యంలో, 1930 నాటి ఆర్థికమాంద్యం రోజులలో, ఇరుగుపొరుగువారి రేడియోలు బాగుచేసేవాడు. ఒక ఇంటి రేడియో వేయగానే భీకరంగా గర్జించి, కాసేపటికి సర్దుకొనేది. పిల్లవాడు దానిని ముట్టకుండా గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే యజమాని విసుక్కొన్నాడు. వాల్వులు వేడెక్కే క్రమంలో దోషం ఉండవచ్చునని ఊహించి, పిల్లవాడు వాల్వులను తారుమారు చేసి పెట్టాడు. గర్జన పోయింది. ఆలోచించి రేడియో బాగుచేసే పిల్లవాడని యజమాని ఊరంతా చెప్పాడు.

ఇదే కాలంలో జాన్ రైడర్ అనే అమెరికను రేడియో వలయాల చిత్రాలను సంపుటాలుగా ప్రచురించి, సంకేతాన్ని అడుగడుగునా వెంబడించే పద్ధతిని 1939లో ఒక పుస్తకంగా వ్రాశాడు. ప్రవేశం నుండి స్పీకరు దాకా సంకేతం ఏ మెట్టు వరకు సరిగా ఉన్నదో, ఏ మెట్టులో చెడినదో చూడాలి. దోషం ఆ రెంటి నడుమనే ఉంటుంది.

ఇంట కట్టిన వర్ధకంలో తరచుగా వచ్చే జబ్బు గుంయ్‌మనే రొద. చెవి పెట్టి వింటే రొదయే తన మూలాన్ని చెబుతుంది. మన ఇళ్ళలోని విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలది. పూర్ణతరంగ ఏకదిక్కరణం తరువాత ఆ ఒడిదుడుకు 100 ఆవృత్తాలవుతుంది. కనుక రొద 100 ఆవృత్తాలదైతే ఒడిదుడుకును మాన్పవలసిన వడపోత కండెన్సరును అనుమానించాలి. 50 ఆవృత్తాలదైతే తంతువును వేడిచేసే తీగలనో, భూసంధానాన్నో చూడాలి. ఆ రెండు తీగలను జడలాగా పెనవేస్తే ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది.

రెండవ జబ్బు కీచుమనే కేక. 1927లో హెరాల్డ్ బ్లాక్ హడ్సను నది దాటే పడవలో కూర్చొని, చేతిలోని వార్తాపత్రికపై రుణ పునర్నివేశ సూత్రం గీసుకొన్నాడు. నిర్గమంలో కొంత భాగాన్ని వ్యతిరేక దశలో ప్రవేశానికి తిరిగి పంపితే వికృతి తగ్గుతుంది. కాని నిర్గమ ట్రాన్సుఫార్మరు తీగలు తారుమారైతే రుణం ధనమై, వర్ధకం డోలకంగా మారి అరుస్తుంది. రెండు ప్లేట్ల తీగలను ఇటుదటు చేస్తే చాలు, కేక ఆగుతుంది.

మూడవది, చివరి వాల్వు పలక ఎర్రగా కాలడం. దాని జాలకం రుణంగా ఉండాలి. ముందు దశ నుండి వచ్చే కండెన్సరు కారుతుంటే ధన వోల్టేజి జాలకానికి చేరి, ప్రవాహం హద్దు మీరుతుంది. ఇది కంటబడగానే స్విచ్చి తీయాలి. కొత్తగా కట్టిన యంత్రాన్ని మొదటిసారి పరీక్షించేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లు వాడే సీరీసు బల్బు గొప్ప రక్ష. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే మంచిదే; నిండుగా వెలుగుతూ ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్లు.

మరవరాని ప్రమాదం

ఇవి తొమ్మిది వోల్టుల ఆటబొమ్మలు కావు. ప్లేటు వోల్టేజి 300 నుండి 450 దాకా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కండెన్సరులో నిలిచే ఉంటుంది. 400 వోల్టుల వద్ద 50 మైక్రోఫారడ్ కండెన్సరులోని శక్తిని విద్యార్థులు లెక్కకట్టవచ్చు: వోల్టేజి వర్గాన్ని ధారితతో గుణించి సగం చేస్తే 4 జౌళ్ళు. గుండె మీదుగా పోతే ప్రాణాపాయమే. కనుక 10,000 ఓముల నిరోధకాన్ని బంధక పిడి ఉన్న తీగలతో కలిపి కండెన్సరును ఖాళీ చేయాలి. ధారితను నిరోధంతో గుణిస్తే కాలస్థిరాంకం అర సెకను. అట్టివి అయిదు గడిస్తే, అంటే రెండున్నర సెకన్లలో, వోల్టేజి నూటికి ఒక వంతు కన్నా తక్కువకు దిగుతుంది. అయినా మీటరుతో చూచి, సున్నా అని తేలిన పిమ్మటనే చేయి పెట్టాలి. ఉపాధ్యాయుని పర్యవేక్షణ లేనిదే విద్యార్థులు ఈ పెట్టెలు తెరువరాదు.

దోషమే గుణమైన వేళ

ఈ చరిత్రలో ఒక వింత ఉన్నది. 1958లో లింక్ రే అనే వాద్యకారుడు స్పీకరు కాగితానికి పెన్సిలుతో తూట్లు పొడిచి గరగర ధ్వని సాధించాడు. 1964లో ఇంగ్లండులో డేవ్ డేవిస్ బ్లేడుతో స్పీకరు కాగితం కోశాడు. ఈ నడుమ, నాష్‌విల్లు పట్టణంలో రికార్డింగు జరుగుతుండగా ఒక భాగం చెడి గిటారు స్వరం వికృతమైంది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ దోషాన్ని పారవేయక, దాని స్వభావం తెలుసుకొని, కావలసినప్పుడు పుట్టించే ట్రాన్సిస్టరు వలయం కట్టాడు. 1962లో అది అంగడికి వచ్చింది.

వాల్వును దాని హద్దుకు మించి నడిపితే తరంగ శిఖరాలు అణగి, మూలస్వరానికి అనుస్వరాలు చేరుతాయి. టెలిఫోను ఇంజనీరుకు అది రోగం. గిటారు వాయించేవానికి అది రాగానికి రంగు. అయితే రోగాన్ని రంగుగా మార్చినది అదృష్టం మాత్రమే కాదు. కారణం తెలిసినవాడు దానిని కావాలన్నప్పుడు రప్పించగలడు, వద్దన్నప్పుడు మాన్పగలడు. కారణం తెలియనివానికి రెండూ గాలివాటమే. ప్రయోగశాలలో పరికరం మొరాయించినప్పుడు మన విద్యార్థులు వెంటనే మరొకటి అడగడం మామూలు. ఒక గడియ ఆగి, అది ఎందుకు మొరాయించిందో వ్రాసి చూపమని అడిగితే, ఆనాటి పాఠం పూర్తికాకపోయినా అంతకన్న మంచి పాఠం జరిగినట్లే.