అడవిపందుల వేట, అమెరికా రాష్ట్రాల నిబంధనలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో అడవిపందుల వేట వినోదం, పంటల రక్షణ, వన్యప్రాణి చట్టం మూడూ పెనవేసుకున్న వ్యవహారం. అక్కడ కనీసం 35 రాష్ట్రాల్లో సుమారు 60 లక్షల పందులు తిరుగుతున్నాయని సమాఖ్య వ్యవసాయ శాఖ అంచనా. వీటి విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. టెక్సాస్‌లో ప్రైవేటు భూమి మీద యజమాని అనుమతి ఉంటే చాలు, లైసెన్సు లేకుండా ఏడాది పొడవునా, రాత్రీ పగలూ వేటాడవచ్చు. కాన్సాస్‌లో సరదాకు పందిని వేటాడటమే నేరం. విచిత్రమేమిటంటే పందుల సంఖ్య తగ్గాలన్నదే రెండు రాష్ట్రాల కోరికా. వేట తలుపులు ఎంత బార్లా తెరిస్తే పందులు అంత తగ్గుతాయన్న నమ్మకం తప్పని గత పాతికేళ్ల అనుభవం తేల్చింది.

పందులు వచ్చిన దారి

పంది అమెరికా ప్రధాన భూభాగానికి స్థానిక జంతువు కాదు. కొలంబస్ 1493లో తన రెండో యాత్రలో కరీబియన్ దీవులకు పందులను తెచ్చాడు. స్పెయిన్ సేనాని హెర్నాండో డి సోటో 1539లో ఫ్లోరిడాలో దిగినప్పుడు సైన్యం తిండి కోసం పందుల మందను వెంట తోలుకొచ్చాడు. దారిలో తప్పించుకున్నవీ, తర్వాతి వలసదారులు మేతకు వదిలేసినవీ అడవిపాలయ్యాయి. 1912లో ఉత్తర కరోలినాలోని హూపర్ బాల్డ్ కొండ మీద, సంపన్నుల వేట సరదా కోసం యూరప్ జాతి అడవిపందులను కంచె లోపల పెంచారు. కంచె నిలవలేదు. అవి టెనెస్సీ వైపు స్మోకీ పర్వతాల్లోకి పాకి, ఊరపందుల సంతతితో కలిశాయి. నేడు అమెరికాలో కనిపించేవి ఎక్కువగా ఈ సంకర సంతతివే. ఊరపందైనా, యూరప్ అడవిపందైనా శాస్త్రీయంగా ఒకే జాతి: సస్ స్క్రోఫా.

స్వభావం, నష్టం

ఆడపంది ఆరు నుంచి ఎనిమిది నెలల వయసుకే చూలు కట్టగలదు. చూలు కాలం సుమారు 115 రోజులు. ఒక ఈతకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు పిల్లలు పుడతాయి. మేత బాగా దొరికితే ఏడాదిలో రెండో ఈత కూడా ఈనుతుంది. అందుకే ఒక ప్రాంతంలో పందులు పెరగకుండా ఆపాలంటేనే ఏటా దాదాపు మూడింట రెండొంతుల పందులను తొలగించాల్సి ఉంటుందని టెక్సాస్ పరిశోధకుల లెక్క. తుపాకీ వేట ఒక్కటే ఆ స్థాయిని అందుకోలేదు.

పందుల మంద ఒక్క రాత్రి దిగితే మొక్కజొన్న, వేరుశనగ చేలు తెల్లారేసరికి దుక్కి దున్నినట్టవుతాయి. విత్తనం నాటిన సాలు వెంబడే నడుస్తూ, ముట్టెతో గింజ గింజా పెకలించి తినేస్తాయి. చెరువు గట్లను కుళ్లగిస్తాయి. నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లను, సముద్ర తాబేళ్ల గుడ్లను వదలవు. దేశం మొత్తం మీద ఏటా కనీసం 150 కోట్ల డాలర్ల నష్టం జరుగుతోందన్నది ప్రభుత్వం తరచూ చెప్పే అంచనా.

వేట పద్ధతులు

పందికి చూపు మందం, ముక్కు మహా చురుకు. కాబట్టి వేటగాడు గాలికి ఎదురుగా నడవాలి. తాజా గిట్టల గుర్తులు, బురద గుంటలు, పొర్లాడి వచ్చి ఒళ్లు రుద్దుకున్న చెట్ల మొదళ్ల మీద ఎండిన మట్టి, ఇవే జాడలు. మొక్కజొన్న ఎర వేసి మాటు కాయడం, వేట కుక్కలతో నిలవేయడం, రాత్రిపూట వేడిని పసిగట్టే దుర్బిణితో కాల్చడం వాడుకలో ఉన్న పద్ధతులు. ముదురు మగపంది భుజాల మీద డాలులా గట్టి తోలు కవచం ఉంటుంది. గుండె ఛాతీలో కిందికి, ముంగాళ్ల వైపుకు ఉంటుంది. ఈ సంగతి తెలియక కాల్చిన గుండు జంతువును చంపదు, గాయపరిచి వదిలేస్తుంది. నొప్పితో పొదలో చేరిన పంది మనిషికీ ప్రమాదమే.

నిర్మూలనకు నిపుణులు నమ్ముకునేది తుపాకీని కాదు, బోనును. ఇనుప జాలి పలకలతో గుండ్రటి దొడ్డి కడతారు. మూలలుంటే పందులు అక్కడ ఒకదాని మీదొకటి ఎక్కి బయటికి దూకుతాయి, అందుకే గుండ్రంగా. తలుపు తెరిచే ఉంచి రోజుల తరబడి లోపల మొక్కజొన్న చల్లుతారు. మందలో ఎన్ని ఉన్నాయో కెమెరాలో లెక్కపెడతారు. చివరి పంది కూడా లోపలికొచ్చిన రాత్రి, ఫోనుతోనే తలుపు జారవిడుస్తారు. తొందరపడితే బయట మిగిలిన ఆడపంది బోనంటే ఏమిటో నేర్చుకుంటుంది. ఆ తర్వాత దాన్ని పట్టడం చాలా కష్టం.

రాష్ట్రాల నిబంధనలు

*టెక్సాస్:* ఇక్కడ అడవిపందికి వేట జంతువు హోదా లేదు. వేట కాలమూ లేదు, సంఖ్యా పరిమితీ లేదు. 2011లో చేసిన చట్టంతో, డబ్బు కట్టి హెలికాప్టర్ నుంచి కాల్చే అవకాశం వచ్చింది. 2017లో వేడిగాలి బెలూన్లకూ అనుమతిచ్చారు. 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో లైసెన్సు అవసరం తీసేశారు. ప్రభుత్వ భూముల్లో మాత్రం లైసెన్సు తప్పనిసరి. ఇక్కడ కొత్తవారు జాగ్రత్త పడాల్సింది జావెలీనా విషయంలో. చూడటానికి పందిలాగే ఉండే ఈ స్థానిక జంతువుకు చట్ట రక్షణ ఉంది. మెడ చుట్టూ తెల్లటి పట్టీ, కనీకనిపించని తోక దాని ఆనవాళ్లు. పందనుకుని లైసెన్సు లేకుండా దాన్ని కాల్చినవారు నేరస్థులవుతారు.

*కాలిఫోర్నియా:* ఇక్కడ లైసెన్సు కావాలి. పందికొక ట్యాగ్ కొనే పాత పద్ధతి పోయి, 2024 జులై నుంచి లైసెన్సు మీద ఒకే అనుమతి ముద్ర సరిపోతోంది. ఏ వన్యప్రాణిని కాల్చడానికైనా సీసం గుండ్లు 2019 జులై 1 నుంచి నిషిద్ధం.

*టెనెస్సీ:* 1999లో రాష్ట్రమంతటా పరిమితి లేకుండా పందుల వేటకు అనుమతిచ్చారు. పందులు అత్యంత వేగంగా వ్యాపించింది సరిగ్గా ఆ కాలంలోనే. మొత్తం 95 కౌంటీల్లో దాదాపు 80కి అవి చేరాయి. వేట సరదా ఊరూరా పాకాక, తమ ప్రాంతంలోనూ పందులుండాలని కొందరు వాటిని వాహనాల్లో తెచ్చి అడవుల్లో వదిలారు. 2011లో రాష్ట్రం వెనక్కి తిరిగి, పందిని వేట జంతువుల జాబితా నుంచి తీసేసింది. భూయజమానులకు మాత్రం తమ భూమిలో నిర్మూలించే వెసులుబాటు ఇచ్చింది.

*మిస్సోరి:* పరిరక్షణ శాఖ 2016లో తన భూముల్లో పందుల వేటను నిషేధించింది. పంది కనిపిస్తే కాల్చవద్దు, మాకు చెప్పండి అన్నది ఆ శాఖ పిలుపు. ఒక్క తుపాకీ మోతకు మంద చెల్లాచెదురై, వారాల తరబడి పెట్టిన ఎర వృథా అవుతుంది.

*కాన్సాస్:* 2006లోనే సరదా వేటను నిషేధించి, తొలగింపు పనిని ప్రభుత్వ నిపుణులకు అప్పగించింది. న్యూయార్క్ 2014లో ఇదే దారి పట్టింది.

ఈ తేడాలకు మూలం ఒక్కటే. వేటకు విలువ కట్టిన చోట పంది ఆస్తి అవుతుంది, ఆస్తిని ఎవరూ అంతం చేసుకోరు. టెక్సాస్‌లా పందులు లక్షల్లో స్థిరపడ్డ చోట వేట రైతుకు కొంత ఊరట. పందులు కొత్తగా అడుగుపెట్టిన చోట మాత్రం అదే వేట వాటి వ్యాప్తికి ఊతం.

సమాఖ్య చట్టాలు, ఆరోగ్య జాగ్రత్తలు

ఆకాశం నుంచి వేటాడటాన్ని 1971 నాటి సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. పంటలు, పశువులు, వన్యప్రాణుల రక్షణ కోసం రాష్ట్రాలు ఇచ్చే అనుమతులకే మినహాయింపు ఉంది. 2018 వ్యవసాయ చట్టం పందుల నిర్మూలన ప్రయోగ పథకానికి 7.5 కోట్ల డాలర్లు కేటాయించింది.

అడవిపందుల్లో బ్రూసెల్లా సూయిస్ అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. మాంసం కోసేటప్పుడు చేతి గాయాల ద్వారా అది మనిషికి సోకి, విడవని జ్వరాలు తెస్తుంది. చేతి తొడుగులు వేసుకోవాలి. మాంసం లోపలిదాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలేలా ఉడికించాలి.

తెలుగువారికి సంబంధించి

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగువారు ఎక్కువ. వారిలో హెచ్1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ చేతబట్టడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది. పందికి లైసెన్సు అక్కర్లేదన్న టెక్సాస్ వెసులుబాటు ఈ నిషేధాన్ని తొలగించదు. అందువల్ల స్నేహితుల పొలానికి వేటకు వెళ్లే వీసాదారు ముందుగా లైసెన్సు తీసుకోవడం తప్పనిసరి.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ అడవిపంది స్థానిక జంతువు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి లేకుండా దాన్ని చంపడం నేరం. పంటకు, ప్రాణానికి ముప్పున్నప్పుడు 11వ సెక్షన్ కింద అధికారులు అనుమతివ్వవచ్చు. పాత చీరలు కట్టి చేను కాచుకునే తెలుగు రైతు కష్టం టెక్సాస్ రైతు కష్టానికి తీసిపోదు. పొలాల చుట్టూ దొంగచాటుగా పెట్టే కరెంటు తీగలు మాత్రం పందులతో పాటు మనుషులనూ పశువులనూ బలి తీసుకుంటున్నాయి. రైతు ఆ తీగ జోలికి పోకుండా ఉండాలంటే అనుమతి అతనికి వేళకు అందాలి, కాల్చే పని శిక్షణ పొందినవారి చేతిలో ఉండాలి, పంట నష్టానికి పరిహారం ఆలస్యం కాకూడదు.