ఆకాశం మీద పడుతుందన్న రోజులు

1979 జూలై తొలివారం. నల్లమల అంచు పల్లెల్లో విత్తనం వేసే అదను. ఆ కాలంలో రైతు తలెత్తి చూసేది మబ్బు కోసమే. ఆ ఏడు మాత్రం పైనుంచి స్కైలాబ్ పడుతుందని తలెత్తారు. ఎప్పుడు పడుతుంది? ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. ఎక్కడ పడుతుంది? అదీ చెప్పలేదు.

నల్లమల అంచునే ఉన్న ఆత్మకూరు సంతలో అరవై దాటిన ఎవరినైనా కదిపి చూడండి, స్కైలాబ్ మాట ఇంకా నోట్లోనే ఉంటుంది. ఎలాగూ పోయేవాళ్లమే కదా అని జాతరకు దాచుకున్న పొట్టేళ్లను కోసుకు తిన్నారనీ, కోళ్ల గూళ్లు ఖాళీ అయ్యాయనీ తెలుగు పల్లెల్లో నేటికీ చెప్పుకుంటారు. బాకీ కట్టడం ఎందుకని ఊరుకున్నవాళ్లున్నారు. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఒక్కచోట కూర్చుని అన్నం తిన్నారని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో పుట్టిన కొందరు పిల్లలకు స్కైలాబ్ అనే పేరు పెట్టారు. 2021లో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని బండలింగంపల్లిలో జరిగినట్టుగా కథ నడిపారు.

స్కైలాబ్ అమెరికా అంతరిక్ష కేంద్రం. 1973 మే 14న పైకెళ్లింది. దాదాపు 77 టన్నుల బరువు. మూడు విడతలుగా వ్యోమగాములు అందులో ఉండి వచ్చారు. 1974 ఫిబ్రవరి తర్వాత అది ఖాళీగానే తిరిగింది. కొత్తగా కడుతున్న స్పేస్ షటిల్‌ను పంపి దాన్ని ఇంకాస్త ఎత్తుకు నెట్టాలనుకున్నారు. షటిల్ ఆలస్యమైంది. ఈలోగా సూర్యుడి మీద అలజడి అనుకున్నదానికంటే పెరిగింది. ఆ వేడికి భూమి పైపొర గాలి ఉబ్బి, అంత ఎత్తునా స్కైలాబ్‌కు అడ్డు తగిలింది. అలా అది నెలనెలా కిందికి జారుతూ వచ్చింది.

ఆ భయాన్ని తలచుకుని ఇప్పుడు నవ్వుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం నవ్వు రాదు. స్కైలాబ్ తిరిగే దారి భూమధ్యరేఖకు ఉత్తరాన 50 డిగ్రీలు, దక్షిణాన 50 డిగ్రీల మధ్య. అంటే కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా మన దేశమంతా దాని కిందే ఉంది. భూమ్మీద ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒకటి అని నాసా లెక్క కట్టింది. ఆ ‘ఎవరో ఒకరు’ నువ్వే కావడానికి అవకాశం వందల కోట్లలో ఒక వంతు కూడా లేదని రచ్చబండ దగ్గర కూర్చుని విడమరిచి చెప్పిన మనిషి ఏడీ? రేడియో వార్త వినిపించి ఆగిపోయేది. ఆ తర్వాత చీకట్లో ఊరు తనకు తానే జవాబులు వెతుక్కుంది. అది అమాయకత్వం కాదు, ఒంటరితనం.

జూలై 11, బుధవారం. మన గడియారాల్లో రాత్రి పది దాటాక స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీదా, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ చుట్టుపక్కలా ముక్కలై రాలింది. ఎవరికీ గాయం కాలేదు. ఎస్పెరెన్స్ స్థానిక సంస్థ చెత్త పోసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా వేసింది. నాలుగు రోజుల తర్వాత, జూలై 15న, ఢిల్లీలో మొరార్జీ దేశాయ్ ప్రధాని పదవికి రాజీనామా చేశారు. పత్రికలు అటు తిరిగాయి. తప్పిపోయిన ముప్పు సంగతి పల్లెలకు తీరిగ్గా వివరించే పని మళ్లీ మిగిలిపోయింది.

నిజానికి ఆకాశం గురించి ఈ సీమకు ఒకరు చెప్పాల్సిన పని లేదేమో. ఆత్మకూరు నుంచి నంద్యాల మీదుగా బనగానపల్లె వెళ్తే రవ్వలకొండ వస్తుంది. గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ పోతులూరి వీరబ్రహ్మంగారు ఆ కొండ గుహలో కాలజ్ఞానం రాశారని నమ్మకం. అక్కడికి దగ్గర్లోనే యాగంటి. అక్కడి బసవన్న ఏటేటా పెరుగుతున్నాడనీ, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడనీ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వింతేది జరిగినా “బ్రహ్మంగారు ముందే చెప్పారు” అనడం ఇక్కడివాళ్లకు అలవాటు. ఆ మాటలో భయం ఎంతుందో ధైర్యమూ అంతే ఉందని నాకనిపిస్తుంది. ముందే చెప్పిన కీడైతే ఎవరో దాన్ని ముందే చూశారన్న మాట. చూసినవాళ్లుంటే మనిషి ఒంటరి కాడు.

ఇంతకంటే విచిత్రం, అదే బనగానపల్లె పక్కన జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. అక్కడ నేల తవ్వితే కొన్నిచోట్ల నిలువెత్తున తెల్లని బూడిద పొర కనిపిస్తుంది. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రాలు దాటి వచ్చి పడ్డ బూడిద అది. ఆకాశం నిజంగానే మీద పడ్డ రోజు ఈ సీమకు ఒకటుంది. పురావస్తు పరిశోధకులు మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఇక్కడ తవ్వకాలు జరిపి 2007లో ఫలితాలు ప్రకటించింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. పైవి కిందివాటిని పోలే ఉన్నాయి. అంటే అంత ఉత్పాతం తర్వాతా ఇక్కడ మనుషులు బతికి, అదే తీరున రాళ్లు చెక్కుకున్నారని ఆ బృందం వాదన. ఇంత విలువైన బూడిదను సబ్బుపొడుల కోసం తవ్వి తరలించారన్నది మనసు కలుక్కుమనే సంగతి.

స్కైలాబ్‌కు ముందూ ఇలాంటి రోజులు వచ్చాయి. 1910 మేలో హేలీ తోకచుక్క తోకలోంచి భూమి వెళ్తుందని తెలిసినప్పుడు, ఆ తోకలో విషవాయువు ఉందన్న వార్తకు యూరప్, అమెరికాలు వణికాయి. తోకచుక్క మాత్రలని ఏవో అమ్ముకున్నారు, జనం కొనుక్కున్నారు. అదే ఏడు విజయనగరంలో గురజాడ అప్పారావు ‘ముత్యాల సరాలు’ రాస్తూ ఆ చుక్కను అరిష్టంగా కాక, రాబోయే మార్పుకు గుర్తుగా చూశారు. అంతకు డెబ్బై ఏళ్ల ముందే, 1840లో, గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆకాశాన్ని కొలిచి చూసే అలవాటు తెలుగునేలకు కొత్త కాదు. అయినా 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వచ్చేసరికి దేశమంతా హోమాలు రగిలాయి. మకరరాశిలో ఎనిమిది గ్రహాలు చేరితే ప్రళయమేనన్నారు. ఆ నెలలోనే సార్వత్రిక ఎన్నికలు మామూలుగా జరిగిపోయాయి.

ఈ సీమకు ముప్పు చివరికి వచ్చింది ఆకాశం నుంచి కాదు. స్కైలాబ్ పడ్డ రెండేళ్లకే, 1981లో, శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. లక్షమందికి పైగా ఇల్లూ పొలమూ వదిలి కదిలారు. ఆత్మకూరు చుట్టుపక్కల కృష్ణ ఒడ్డు పల్లెలూ అందులో ఉన్నాయి. సప్తనదుల సంగమేశ్వరం గుడి నేటికీ ఏడాదిలో ఎక్కువకాలం నీటిలోనే ఉంటుంది, వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది. ఎక్కడ పడుతుందో తెలియని ఇనుప ముక్కలు ప్రపంచమంతటికీ వార్త అయ్యాయి. ఏ ఊరు, ఏ ఇల్లు మునుగుతుందో ముందే తెలిసిన నీళ్ల గురించి అందులో పదో వంతైనా మాట్లాడుకున్నామా?

2004 డిసెంబరులోనూ ఇలాగే జరిగింది. అపోఫిస్ అనే గ్రహశకలం 2029 ఏప్రిల్ 13న భూమిని ఢీకొనే అవకాశం 37లో ఒకటి అని డిసెంబరు 27న తేల్చారు. గ్రహశకలాల ముప్పును కొలిచే టొరినో కొలమానంలో దేనికీ రానంత ఎత్తుకు, నాలుగుకు చేరింది. ఆ వార్త ఎవరి చెవినా పడలేదు. ముందురోజే సునామీ వచ్చి ఆంధ్ర తీరం ఏడుస్తోంది. అదే 27న పాత ఫొటోల్లో అపోఫిస్ జాడ దొరికి, ఆ ముప్పు లేదని తేలిపోయింది.

2025 తొలినాళ్లలో 2024 వైఆర్4 అనే గ్రహశకలం వంతు వచ్చింది. అరవై మీటర్ల వెడల్పున్న ఈ రాయి 2032 డిసెంబరు 22న ఢీకొట్టొచ్చన్నారు. ప్రమాదరేఖ అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియాదాకా గీశారు. ఫిబ్రవరి 18న అవకాశం 3.1 శాతానికి ఎక్కింది. టీవీల్లో ఎర్ర అక్షరాలు పరిగెత్తాయి. వారం తిరక్కుండానే అది 0.004 శాతానికి పడిపోయింది. “నిన్న పెంచారు, ఇవాళ తగ్గించారు, ఏదో దాస్తున్నారు” అన్న మాట ఫోన్లలో తిరిగింది. కిటుకు చిన్నదే. రాయి ఎక్కడెక్కడ ఉండొచ్చో ఆ మేరను మొదట చాలా వెడల్పుగా గీస్తారు. పరిశీలనలు పెరిగేకొద్దీ అది కుంచించుకుపోతుంది. భూమి ఇంకా ఆ మేరలోనే ఉంటే శాతం పెరుగుతుంది. భూమి దాని అంచు దాటి బయటపడగానే ఒక్కసారిగా సున్నాకు జారుతుంది. శాతం పెరిగిందంటే రాయి దగ్గరైందని కాదు, మన చూపు పదునెక్కిందని. ఇది పదో తరగతి పిల్లలకు ఒక పీరియడ్‌లో చెప్పేయొచ్చు.

చూసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తమిళనాడు కావలూరులో రాజమోహన్ బృందం గ్రహశకలాల వేటకు కల్కి అని పేరు పెట్టుకుని 1988లో ఒకదాన్ని కనిపెట్టింది, దానికి రామానుజన్ పేరు పెట్టారు. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌక డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని గుద్ది, అది తన పెద్ద జంట చుట్టూ తిరిగే కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. రాయిని దారి మళ్లించగలమని అలా రుజువైంది.

2029 ఏప్రిల్ 13 శుక్రవారం. ఆ రోజు అపోఫిస్ భూమికి దాదాపు 32,000 కిలోమీటర్ల ఎత్తున వెళ్తుంది. మన టీవీ ప్రసారాలు మోసే ఉపగ్రహాలు తిరిగేది 36,000 కిలోమీటర్ల ఎత్తున. వాటికంటే దిగువన అన్నమాట. ఆ రోజు ఢీకొట్టదని 2004లోనే తేలింది, కనీసం వందేళ్లదాకా ఆ భయం లేదని 2021 రాడార్ కొలతలతో ఖాయమైంది. యూరప్, ఆఫ్రికా, ఆసియాలోని కొన్ని ప్రాంతాల్లో అది మామూలు కంటికే కదిలే చుక్కలా కనిపిస్తుంది. శుక్రవారం, పదమూడో తేదీ అరిష్టమంటూ వీడియోలు ఇంకా ముందే మొదలవుతాయి. వాటికంటే ముందే ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ బడుల్లో సైన్సు టీచర్లు ఈ లెక్కను నల్లబల్ల మీద గీసి చూపాలి. పిల్లలు ఇంటికెళ్లి అవ్వాతాతలకు చెప్తారు. 1979లో రచ్చబండ దగ్గర అడిగి జవాబు దొరకని ఆ పెద్దవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.