అరవై ప్లస్ ఇరవై

తెల్లవారుజాము అయిదుంబావు. నవంబరు చలికి సైనిక్‌పురి వీధి ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉంది. గేటు గడియ చప్పుడైతే బాబాయి బయల్దేరాడన్నమాట. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు, బూట్లు మెరుస్తున్నాయి. కల్నల్‌గా రిటైరై పద్నాలుగేళ్లయింది. ఈ పద్నాలుగేళ్లలో గడ్డం గీసుకోకుండా టీ తాగిన రోజు లేదు.

వెనకాలే నడవండి, కాస్త గబగబా. గేట్ల మీద ఇత్తడి పలకలు కనిపిస్తాయి. బ్రిగేడియర్, వింగ్ కమాండర్, కెప్టెన్... ప్రతి పేరు చివరా ‘రిటైర్డ్’. కొన్ని గేట్లకి ఆ పలకలు పోయి కాఫీ షాపుల బోర్డులొచ్చాయి. కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ వైపు కొంత దూరం వెళ్లి, వాచీ చూసుకుని, వెనక్కి తిరుగుతాడు. పదేళ్లప్పుడు కోరుకొండ సైనిక్ స్కూల్లో పట్టుబడిన నడక ఇది. తర్వాత ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, డెహ్రాడూన్‌లో ఏడాది దానికి సానబెట్టారు. ఏభై నాలుగు నిండగానే కల్నల్‌ని ఇంటికి పంపేశారు. మన ఆఫీసుల్లో జనం ఇంకా ఇంక్రిమెంట్లు లెక్కపెట్టుకునే వయసది.

వరండాలో కూర్చోండి. మీరు కూర్చున్నది సోఫా కాదు. పరుపు ఎత్తి చూస్తే మూడు నల్లట్రంకులు. తెల్లరంగుతో రాసిన ‘కల్నల్’ కింద ‘మేజర్’, దాని కింద ‘కెప్టెన్’ మసగ్గా కనిపిస్తాయి. బదిలీ వచ్చినప్పుడల్లా వీటిలో గిన్నెలు సర్ది, పిల్లల టీసీలు తెచ్చి, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి రైలెక్కించింది పిన్నే.

ఆర్మీ ఆఫీసరుకి ఏడాదికి అరవై రోజుల యాన్యువల్ లీవు, ఇరవై రోజుల క్యాజువల్ లీవు. పీస్ స్టేషన్ అయితే కుటుంబం వెంట ఉండొచ్చు. ఫీల్డుకి పంపితే మాత్రం భార్యాపిల్లలు వేరే చోట ఉండాల్సిందే. అలాంటి ఏళ్లలో ఆయన ఈ ఇంటికి ఎనభై రోజుల చుట్టం, అదీ లీవు దొరికితే. పిన్ని ఇప్పటికీ ఆయన్ని ఆటపట్టించాలంటే ‘అరవై ప్లస్ ఇరవై’ అంటుంది. 2001 డిసెంబరులో ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యాన్ని పాకిస్తాన్ సరిహద్దుకి తరలించారు. పది నెలలు అక్కడే. యుద్ధం జరగలేదు. తమ్ముడి పదో తరగతి జరిగిపోయింది.

రిటైరైన మొదటి నెలలో బాబాయి వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్లు అంటించి, ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టాడు. పిన్ని మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు ‘కందిపప్పు’ డబ్బాలో మినప్పప్పు పోసింది. ఆ తర్వాత ఆయన వంటింటి గడప దాటలేదు.

ఏడున్నర. నవంబరు కాబట్టి ఇవాళ లైఫ్ సర్టిఫికెట్ పని. బతికే ఉన్నానని ఏటా పింఛను వాళ్లకి రుజువు చూపాలి. వేలిముద్రలు అరిగిపోయాయి, అందుకని ఫోన్‌లో ముఖం చూపిస్తారు. బాబాయి గోడ ముందు నిటారుగా నిలబడ్డాడు. రెప్ప పడదు. ఫోన్ ఒప్పుకోదు.

“సావధాన్‌లో నిలబడకండి. కళ్లు ఆర్పండి,” అంది పిన్ని ఫోన్ పట్టుకుని.

మూడోసారికి బతికినట్టు తేలింది.

ఇక అసలు కార్యక్రమం. బాబాయి బల్ల మీద ఆకుపచ్చ ఫైలు పెట్టాడు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో ‘నేను లేనప్పుడు’ అని రాసి ఉంది. లోపల పింఛను పేమెంట్ ఆర్డర్ నంబరు, బ్యాంకు ఖాతా, ఈసీహెచ్ఎస్ వైద్యం కార్డు, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, సైనిక సంక్షేమ కార్యాలయం చిరునామా. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా కాగితాలు తిరిగొస్తాయి కాబట్టి అన్నీ పెద్దక్షరాల్లో. ఒక్కో పేజీ తిప్పుతూ బ్రీఫింగ్ మొదలెట్టాడు.

పిన్ని ఉల్లిపాయలు తరుగుతూ వింది. కాసేపటికి కత్తిపీట పక్కకి జరిపింది.

“మీరు లేనప్పుడు ఏం చెయ్యాలో నాకు నేర్పుతారేటండీ?”

బాబాయి ఏమీ అనలేదు. ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫైలు తన వైపు తిప్పుకుంది. నాలుగో పేజీ మీద వేలు పెట్టింది. చెల్లి పుట్టిన తేదీ: 21 నవంబరు 1987.

“తొమ్మిది,” అంది.

1987 నవంబరులో ఆయన జాఫ్నాలో ఉన్నాడు, శ్రీలంకకి పంపిన శాంతి పరిరక్షక దళంతో. ఇంటి నుంచి కొట్టిన టెలిగ్రాం చేతులు మారుతూ ఆయన కంపెనీని చేరేసరికి ఇరవై ఒకటో తేదీ. సైన్యంలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్‌లో పడాలి, అప్పుడే అది జరిగినట్టు. అప్పుడూ తనకి తెలిసిన తేదీనే రాసి పంపాడట. దాన్ని దిద్దించడానికి ఆసుపత్రి కాగితం పట్టుకుని పిన్ని ఎన్ని ఉత్తరాలు రాసిందో. ఆ దళంలో సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసులో దిగినప్పుడు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి స్వాగతానికి వెళ్లలేదు. ఆ ప్రస్తావన తెస్తే బాబాయి హైదరాబాద్ ఎండల గురించి మాట్లాడతాడు.

ఇప్పుడు మాత్రం కళ్లజోడు సవరించుకుని ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, 21 మీద ఒకే ఒక్క అడ్డగీత గీసి, పైన 9 వేసి, సైన్యం పద్ధతిలో పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ఇవాళ్టి తేదీ కూడా వేశాడు.

“ముందు ఉప్మా తినండి, చల్లారిపోతుంది,” అంది పిన్ని లేస్తూ. “ఆరో పేజీలో గ్యాసు నంబరు కూడా తప్పే.”