పెట్టుబడి, ప్రచారం, ప్రమాణం: బీటీ పత్తి వివాదంలో జహీరాబాద్ సాక్ష్యం

1. ప్రస్తావన

తెలుగులో ‘పెట్టుబడి’ అన్న మాట రెండు లోకాలలో వ్యవహారంలో ఉంది. షేర్ మార్కెట్లో వాటా కొన్నవాడు పెట్టేదీ పెట్టుబడే. తొలకరికి ముందు అప్పు తెచ్చి రైతు విత్తనంమీద, ఎరువుమీద పెట్టేదీ పెట్టుబడే. తెలంగాణ ప్రభుత్వం 2018లో రైతుబంధును ‘పంట పెట్టుబడి సాయం’గా వ్యవహరించి ఈ రెండో అర్థానికి అధికారముద్ర వేసింది. జీవసాంకేతిక కంపెనీల చరిత్రను సాధారణంగా మొదటి రకం మదుపరుల వైపునుంచి రాస్తారు. కంపెనీ చెప్పింది నిజమా, పత్రికలు రాసింది నమ్మదగినదా అన్న సందేహం వారిది మాత్రమే అన్నట్టు ఆ రచనలు సాగుతాయి. అదే సందేహం 2002లో వరంగల్ పత్తి రైతును మరింత తీవ్రంగా పట్టుకుంది. దానికి సమాధానం వెతికినవారిలో ఒక వర్గం అనుకోని చోటునుంచి వచ్చింది. అది జహీరాబాద్ ప్రాంతం.

మొగుడంపల్లి, జహీరాబాద్, ఝరాసంగం మండలాలు నేటి సంగారెడ్డి జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దు దాపున ఉన్నాయి. జొన్న, కంది వంటి వర్షాధార పంటలకు పేరున్న ఎర్రనేలల సీమ ఇది. ఇక్కడి పస్తాపూర్ కేంద్రంగా 1983నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలతో పాతపంటల పునరుద్ధరణ చేపట్టింది. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన పి.వి. సతీష్ దాని సారథులలో ఒకరు కావటంవల్ల, విత్తనంతోపాటు కెమెరా కూడా సంఘం మహిళల చేతికి వచ్చింది. వారిలో చాలామంది బడికి వెళ్లనివారు.

2. ఒకే పంట, రెండు లెక్కలు

1997–98లో పురుగు ఉధృతివల్ల, పనిచేయని మందులవల్ల వరంగల్ పత్తి రైతు కుప్పకూలాడు. ఆత్మహత్యల వార్తలు దేశమంతటా వినిపించాయి. కాయతొలుచు పురుగును తనలోనే చంపుకొనే విత్తనం వస్తుందన్న మాటకు ఆ జిల్లాలో విలువ ఎందుకు పెరిగిందో వేరే చెప్పనక్కరలేదు. 2002 మార్చి 26న కేంద్ర జన్యుసాంకేతిక ఆమోద సంఘం మహికో సంస్థకు చెందిన మెక్-12, మెక్-162, మెక్-184 సంకరాలకు అనుమతి ఇచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు ధర సుమారు 1,600 రూపాయలు. మామూలు సంకర విత్తనంతో పోలిస్తే ఇది మూడు రెట్లకు పైమాటే.

2003 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో మార్టిన్ కైమ్, డేవిడ్ జిల్‌బర్‌మన్‌ల వ్యాసం వెలువడింది. బీటీ పత్తి సగటున 80 శాతం అధిక దిగుబడి ఇచ్చిందని వారి నిర్ధారణ. ప్రపంచ పత్రికలు దానిని ఎత్తుకున్నాయి. అయితే ఆ గణాంకాలు 2001నాటి ప్రయోగక్షేత్రాలవి, కంపెనీ నిర్వహించిన ప్రయోగాలవి. ఆంధ్రప్రదేశ్ వాటిలో లేదు. రైతు డబ్బిచ్చి కొని సాగుచేసిన మొదటి పంట ఇంకా లెక్కకు రాలేదు.

ఆ లెక్కను తీసినవారు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో 2002 ఖరీఫ్ పొడవునా వరంగల్ జిల్లాలో 225 మంది రైతులను అనుసరించి వారు నివేదిక వెలువరించారు. బీటీ వేసినవారిలో 71 శాతం, వేయనివారిలో 18 శాతం నష్టపోయారని అది చెప్పింది. మరుసటి సీజనుకు కంపెనీ తరఫున ఏసీ నీల్సన్ దేశవ్యాప్త సర్వే జరిపి 29 శాతం అధిక దిగుబడి, 78 శాతం అధిక నికరాదాయం ప్రకటించింది. ఏ లెక్కను నమ్మాలన్నది చదువరికి చర్చనీయాంశం కావచ్చు. మరుసటి ఏడు ఏ సంచి కొనాలో తేల్చుకోవలసిన రైతుకు మాత్రం అది అప్పుకు సంబంధించిన ప్రశ్న.

3. కెమెరా సాక్ష్యం

ఖయ్యూం, సక్కరిల అధ్యయనానికి సమాంతరంగా జహీరాబాద్ మహిళలు వరంగల్ చేలకు వెళ్లి చిత్రీకరించారు. వరంగల్ రైతులకు బీటీ పత్తిపై కోపమెందుకన్న అర్థంగల ఆంగ్ల శీర్షికతో 2003లో వచ్చిన ఆ చిత్రం పలు విదేశీ భాషలలోకి వెళ్లింది. దాని బలం పద్ధతిలో ఉంది. ఒకసారి వెళ్లి ఒక అభిప్రాయం పట్టుకురాకుండా, మొలక దశనుంచి ఏరివేతదాకా రైతులవద్దకు మళ్లీమళ్లీ వెళ్లటం. రైతు ముఖం, చేను కనిపించేలా చూపటం. సర్వే సగటులో రైతు కనిపించడు. ఇక్కడ కనిపిస్తాడు, కనుక ఎవరైనా వెళ్లి మళ్లీ అడగవచ్చు.

ఇది నిష్పాక్షిక సాక్ష్యమని మాత్రం అనలేము. సంస్థ సేంద్రియ సాగు పక్షాన నిలిచినది; ముగింపు ఎటు మొగ్గుతుందో ప్రేక్షకునికి ముందే తెలుసు. రోనాల్డ్ హెరింగ్ 2009లో ఈ ‘వైఫల్య కథనం’ ఇంకా ఎందుకు బతికి ఉందని నిలదీశాడు. గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ గ్రామాల పరిశోధన (2011) 2003–2007 మధ్య దిగుబడి 18 శాతం పెరిగిందని, మందు పిచికారీలు 55 శాతం తగ్గాయని చూపింది. ఈ ఫలితాన్ని పక్కనపెట్టి వివాద చరిత్ర రాయటం కుదరదు. అయితే స్టోన్ అంతకు ముందే, 2007లో, మరో సంగతి చూపాడు: రైతులు పొలంలో పరీక్షించి కాక, పక్కవాడు కొన్నాడని కొంటున్నారు, ఒక ఏడు ఒక రకం, మరుసటి ఏడు మరొకటి వెర్రిగా ఊపేస్తున్నాయి. షేర్ మార్కెట్ పరిశీలకులు మందచూపు అనే దానికీ దీనికీ తేడా స్వల్పం. రోజుకొక కొత్త పేరు దుకాణంలోకి వస్తున్నప్పుడు పరీక్షించే వ్యవధి రైతుకు ఎక్కడిది?

4. వార్తా? ప్రకటనా?

పత్రికల విశ్వసనీయతకు గట్టి పరీక్ష మహారాష్ట్రలో ఎదురైంది. యవత్మాల్ జిల్లా భాంబ్‌రాజా, అంతర్‌గావ్ గ్రామాలలో బీటీ పత్తితో బంగారం పండిందని ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ 2008 అక్టోబర్ 31న వార్తాకథనం ఇచ్చింది. అదే కథనం 2011 ఆగస్టు 28న అదే పత్రికలో కంపెనీ ప్రకటనగా తిరిగి అచ్చయింది. పి. సాయినాథ్ 2012 మేలో ‘ది హిందూ’లో దీనిని బయటపెట్టాడు. ఆత్మహత్యలు లేవని కథనం చెప్పిన ఊరిలోనే ఆత్మహత్యలు జరిగాయని గ్రామస్థులు పార్లమెంటరీ స్థాయీసంఘానికి తెలిపారు.

5. ఎవరికి ఏ రక్షణ

ఇండోనేసియాలో బీటీ పత్తి అనుమతికి సంబంధించి ఒక అధికారికి 50 వేల డాలర్ల లంచం ఇచ్చిన వ్యవహారంలో మోన్‌శాంటో 2005 జనవరిలో అమెరికాలో 15 లక్షల డాలర్లు చెల్లించింది. అందులో ఒక భాగం మదుపరుల రక్షణకై ఉన్న స్టాక్ మార్కెట్ నియంత్రణ సంఘానికి వెళ్లింది. లెక్కల పుస్తకంలో లంచాన్ని దాచటం వాటాదారుపట్ల నేరం. అదే ఏడాది మేలో ఆమోద సంఘం మూడు మహికో సంకరాలను ఆంధ్రప్రదేశ్‌లో నిలిపివేసింది. అంటే మూడు ఖరీఫ్‌లు గడిచాక. 2006లో రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టులో అధికభాగంగా ఉన్న సాంకేతిక రుసుమును గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌లో సవాలు చేసి, ధరను 750 రూపాయలకు దించింది. అప్పటికి పాత ధరకు కొన్నవారి సంగతి ఏ ఉత్తర్వులోనూ లేదు.

2010 మార్చిలో గుజరాత్‌లోని నాలుగు జిల్లాలలో గులాబీరంగు పురుగు తన తొలి బీటీ జన్యువును తట్టుకుంటోందని కంపెనీయే ప్రకటించింది. ఈసారి పాత్రలు తారుమారయ్యాయి. కేంద్ర పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ ప్రకటనను ప్రశ్నించారు. రెండు జన్యువుల కొత్త విత్తనాన్ని అమ్ముకోవటానికే ఈ ఒప్పుకోలు అని విమర్శకులు అనుమానించారు. నష్టం గురించి కంపెనీ చెప్పిన మాటను సైతం అమ్మకపు మాటగా వినే స్థితికి పత్తి విపణి చేరింది.