ముక్కోటి దేవతల లెక్క

కష్టం మీదపడితే "ముక్కోటి దేవతలకూ మొక్కాం" అంటాం. ముక్కోటి అంటే మూడు కోట్లు. వాడుకలో మరో లెక్కా ఉంది, 33 కోట్లు. కోట్ల సంగతి అలా ఉంచితే, ఆ 33 మాత్రం ఋగ్వేదమంత పాతది. ద్యులోకంలో 11 మంది, భూమ్మీద 11 మంది, జలాల్లో 11 మంది అని ఒక సూక్తం చెబుతుంది. అదే ఋగ్వేదంలో మరోచోట అగ్నిని కొలిచిన దేవతలు 3,339 మంది. మొదటినుంచీ లెక్క ఒక్కటి కాదు.

దాన్ని తేల్చమని ఒకడు పట్టుబట్టిన ఘట్టం బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలో ఉంది. విదేహరాజు జనకుడు యజ్ఞం చేసి, 1,000 ఆవుల కొమ్ములకు బంగారం కట్టించి, అక్కడ చేరిన పండితులతో, మీలో గొప్ప బ్రహ్మజ్ఞాని వీటిని తోలుకుపోవచ్చన్నాడు. వాళ్లలో ఒకడైన యాజ్ఞవల్క్యుడు శిష్యుణ్ని పిలిచి ఆవుల్ని తోలమన్నాడు. సభ భగ్గుమంది. ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు సంధించారు. గార్గి రెండుసార్లు లేచింది. చివరగా లేచినవాడు విదగ్ధ శాకల్యుడు.

దేవతలు ఎంతమంది అని అడిగాడు. వైశ్వదేవ శస్త్రమనే స్తుతిలోని నివిత్తు అనే మంత్రాన్ని బట్టి 3,306 అన్నాడు యాజ్ఞవల్క్యుడు. శాకల్యుడు ఔనన్నాడు. ఔనని, మళ్లీ అదే ప్రశ్న వేశాడు. 33. ఔను, ఎంతమంది? ఆరుగురు. ఆపైన ముగ్గురు, ఇద్దరు, ఒకటిన్నర. చివరికి ఒక్కడు.

చదివిన ప్రతిసారీ ఆ "ఔను" దగ్గరే ఆగిపోతాను. ఏ జవాబునూ శాకల్యుడు తప్పనలేదు, యాజ్ఞవల్క్యుడు ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోలేదు. 3,306 అన్నవి ఆ 33 మంది మహిమలేనట. ఆ 33 మంది ఎవరంటే 8 మంది వసువులు, 11 మంది రుద్రులు, 12 మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి. రుద్రులు ఎక్కడో లేరు. మనిషిలోని 10 ప్రాణాలు, ఆత్మ కలిసి 11. ఒంటిని విడిచిపోతూ అయినవాళ్లను ఏడిపిస్తాయి కనుక రుద్రులు. ఆదిత్యులు ఏడాదిలోని నెలలు. ఇద్దరంటే అన్నం, ప్రాణం. ఒకటిన్నర అంటే వీచే గాలి. ఆ ఒక్కటీ ప్రాణం, అదే బ్రహ్మం.

ఈమధ్య 'కోటి' అంటే 'రకం' అనీ, దేవతలు 33 రకాలేననీ ఒక వివరణ బాగా తిరుగుతోంది. సంస్కృతంలో కోటికి కొన, అంచు, తరగతి అనే అర్థాలున్న మాట నిజమే. కానీ యాజ్ఞవల్క్యుడి ఈ లెక్కలో కోటి అన్న మాటే రాదు. పెద్ద అంకెను చూసి మొహమాటపడాల్సిన అవసరమూ ఆయనకు రాలేదు. వేలల్లో చెప్పిన నోటితోనే ఒకటనీ చెప్పాడు.

శాకల్యుడు అక్కడితో ఆగలేదు. ఏ దిక్కుకు ఏ దేవత, ఆ దేవత దేని మీద నిలిచాడు అంటూ తవ్వుతూనే పోయాడు. ఆఖరికి యాజ్ఞవల్క్యుడే అడిగాడు: ఉపనిషత్తులు చెప్పే ఆ పురుషుడెవరు? చెప్పలేకపోతే నీ తల రాలిపోతుంది.

శాకల్యుడికి తెలియలేదు. తల రాలిపోయింది. అతడి ఎముకల్ని ఇంకేదో అనుకుని దొంగలు ఎత్తుకుపోయారు.