సింధుకు సారీ చెప్పిన సంస్థ ఇదే.. ఇంతకీ ఏంటీ బ్యాడ్మింటన్ ఆసియా?

2022 ఏప్రిల్, మనీలా. ఆసియా ఛాంపియన్‌షిప్స్ సెమీఫైనల్. జపాన్ స్టార్ అకానె యమగుచిపై పీవీ సింధు తొలి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో 14-11తో లీడ్‌లో ఉంది. సరిగ్గా అప్పుడే, సర్వీస్ ఆలస్యం చేస్తోందంటూ అంపైర్ ఒక పాయింట్ యమగుచికి ఇచ్చేశారు. ఎదుటి ప్లేయర్ రెడీగా లేదని సింధు ఎంత చెప్పినా వినలేదు. అక్కడి నుంచి మ్యాచ్ చేజారింది. మనమ్మాయికి కాంస్యమే మిగిలింది.

సింధు ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత ఆమెకో లెటర్ వచ్చింది. అది అంపైర్ చేసిన మానవ తప్పిదమని, క్షమించాలని టెక్నికల్ కమిటీ ఛైర్మన్ రాశారు. రిజల్ట్ మాత్రం మారలేదు. మ్యాచ్ అయిపోయాక స్కోర్ వెనక్కి తిప్పడం కుదరదు మరి.

ఆ లెటర్ పంపిన సంస్థ పేరే బ్యాడ్మింటన్ ఆసియా. మ్యాచ్‌లు చూసే మనలో చాలామందికి ఈ పేరు పెద్దగా పరిచయం లేదు. కానీ మన ప్లేయర్ల కెరీర్‌లో దీని పాత్ర చిన్నదేం కాదు.

ఎప్పుడు మొదలైంది?

ప్రపంచ బ్యాడ్మింటన్ సంస్థ 1934లోనే పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన తొమ్మిది దేశాల్లో ఆసియా నుంచి ఒక్కటి కూడా లేదు. అన్నీ ఇంగ్లాండ్, డెన్మార్క్, కెనడా లాంటి దేశాలే. కానీ కోర్టులో సీన్ వేరు. 1949లో జరిగిన మొట్టమొదటి థామస్ కప్‌ను మలయా ఎగరేసుకుపోయింది. ఆట మనది, పెత్తనం వాళ్లది అన్నమాట. అలాంటి టైమ్‌లో, 1959లో, ఆసియా దేశాలు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నాయి. అప్పటి పేరు ఏషియన్ బ్యాడ్మింటన్ కాన్ఫెడరేషన్. 1962లో కౌలాలంపూర్‌లో తొలి ఆసియా ఛాంపియన్‌షిప్స్ పెట్టింది. ఇప్పుడు ఇందులో 40కి పైగా దేశాల సంఘాలున్నాయి. ప్రపంచ సమాఖ్య కింద ఉన్న ఐదు ఖండాల సంస్థల్లో ఇదొకటి.

హైదరాబాద్‌కు చైనా వచ్చిన వేళ

ఈ సంస్థ చరిత్రలో అసలు ఇంట్రెస్టింగ్ పార్ట్ ఇదే. 1970ల్లో చైనా ప్లేయర్లు భీకరంగా ఆడుతున్నారు. కానీ ప్రపంచ సంస్థలో చైనాకు సభ్యత్వం లేదు. తైవాన్ గొడవ అడ్డొచ్చింది. థామస్ కప్ లేదు, ఆల్ ఇంగ్లాండ్ టైటిల్ పోరూ లేదు. ఆసియా మాత్రం తలుపు తెరిచింది. 1976లో ఆసియా ఛాంపియన్‌షిప్స్ ఎక్కడ జరిగాయో తెలుసా? మన హైదరాబాద్‌లోనే! ఆ టోర్నీలో పురుషుల సింగిల్స్ టైటిల్ చైనా దిగ్గజం హౌ జియాచాంగ్‌ది. మిగతా ప్రపంచానికి పెద్దగా కనిపించని ఆటను మనవాళ్లు ఇక్కడ కూర్చుని చూశారు.

తర్వాత గొడవ ముదిరింది. తైవాన్ విషయం, వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికా సభ్యత్వం, దేశానికో ఓటు కావాలనే డిమాండ్.. ఇవన్నీ కలిసి 1978లో ఆసియా, ఆఫ్రికా దేశాలు ఏకంగా పోటీ ప్రపంచ సమాఖ్య పెట్టేశాయి. విడిగా వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ కూడా ఆడించాయి. 1981లో రెండూ కలిసిపోయాయి, చైనా లోపలికొచ్చింది. మరుసటి ఏడాదే తొలిసారి థామస్ కప్ ఆడి, కప్పు కొట్టుకుపోయింది! ఇన్నాళ్లూ ఎవర్ని బయట కూర్చోబెట్టారో అందరికీ అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు చేసే పనేంటి?

ముఖ్యమైంది టోర్నీలు. ఏటా ఆసియా ఛాంపియన్‌షిప్స్, రెండేళ్లకోసారి పురుషుల, మహిళల టీమ్ ఛాంపియన్‌షిప్స్, విడిగా మిక్స్‌డ్ టీమ్, జూనియర్ పోటీలు. టీమ్ ఛాంపియన్‌షిప్స్ ఆసియా జట్లకు థామస్, ఉబర్ కప్‌లకు దారి. సెమీస్ చేరితే బెర్త్ ఖాయం, లేదంటే ర్యాంకింగ్‌ను నమ్ముకోవాలి. 2022లో మన మగవాళ్ల జట్టు ఇక్కడ సెమీస్ కూడా చేరలేదు. ర్యాంకింగ్ పుణ్యమా అని థామస్ కప్‌కు వెళ్లింది. మూడు నెలల తర్వాత కిదాంబి శ్రీకాంత్, సాత్విక్ ఉన్న మన టీమ్ అక్కడ ఏం చేసిందో చెప్పక్కర్లేదు కదా. టీమ్ ఛాంపియన్‌షిప్స్ ఈ ఫార్మాట్‌లో మొదలైంది కూడా 2016లో మన గచ్చిబౌలిలోనే.

ఒలింపిక్ ర్యాంకింగ్‌కూ ఆసియా ఛాంపియన్‌షిప్స్ పాయింట్లు కలుస్తాయి. పారిస్ క్వాలిఫికేషన్ గడువు ముగియడానికి కొద్దిరోజుల ముందు, 2024 ఏప్రిల్‌లో, నింగ్బోలో ఈ టోర్నీ జరిగింది. బెర్త్ అంచున ఉన్నవాళ్లకు అది దాదాపు ఆఖరి ఛాన్స్.

అన్నట్టు, ఏషియన్ గేమ్స్, ఆసియా ఛాంపియన్‌షిప్స్ ఒకటి కావు. మొదటిది నాలుగేళ్లకోసారి జరిగే అన్ని ఆటల పండగ, దాన్ని నడిపేది ఆసియా ఒలింపిక్ కౌన్సిల్. సోషల్ మీడియాలో ఈ రెండింటినీ తెగ కలిపేస్తుంటారు.

ఇక్కడ గెలవడం ఎందుకంత కష్టం?

చైనా, ఇండోనేషియా, జపాన్, కొరియా, మలేషియా, థాయ్‌లాండ్ అన్నీ ఒకే డ్రాలో ఉంటాయి. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ నుంచి డెన్మార్క్ లాంటి ఒకట్రెండు దేశాలను తీసేస్తే మిగిలేది దాదాపు ఇదే. అందుకే 1965లో లక్నోలో దినేశ్ ఖన్నా సింగిల్స్ గెలిచాక, మళ్లీ మనకు స్వర్ణం రావడానికి 58 ఏళ్లు పట్టింది. సైనా, సింధు లాంటి వాళ్లూ కాంస్యాల దగ్గరే ఆగారు. 2023లో దుబాయ్‌లో ఆ కరువు తీర్చింది అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ. మలేషియా జంటపై తొలి గేమ్ పోయినా, 16-21, 21-17, 21-19తో గెలిచారు.

ఏడాది తిరక్కుండానే మహిళల టీమ్ మలేషియాలో తొలిసారి ఆసియా టైటిల్ అందుకుంది. థాయ్‌లాండ్‌తో ఫైనల్ 2-2 దగ్గర ఉంటే, ఆఖరి మ్యాచ్ ఆడటానికి వెళ్లింది టీనేజర్ అన్మోల్ ఖర్బ్. 21-14, 21-9.. అంతే, కప్పు మనది!